సర్వేయరుగారి బ్రేకులు

ఆదివారం ఉదయం ఏడు గంటలకి సర్వేయరుగారు వరండా మెట్టు మీద నిలబడి ఆ రోజు కార్యక్రమం ప్రకటించారు. పదింటికల్లా కారు ముందు చక్రాల పాత బ్రేకు డిస్కులు ఊడదీసి కొత్తవి బిగించడం, పదిన్నరకి స్నానం, పదకొండింటికి పేపరు. ఈ ప్రకటన విన్నవాళ్లు ఇద్దరే. ఒకరు ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వెతుక్కుంటున్న ఆయన భార్య. రెండోవారు పెరటి గట్టు మీద మాడిన గిన్నె తోముతున్న ఆయన అత్తగారు. ఆవిడ విన్నట్టు కనపడలేదు. అల్లుడి మాటలు విన్నట్టు కనపడటం ఆవిడ మానేసి పదకొండేళ్లయింది.

"మెకానిక్‌కి ఇచ్చేస్తే పోయేది కదండీ?" అంది భార్య.

"ఆ మనిషి ఊసెత్తకు!" అని ఇంతెత్తున లేచారు సర్వేయరుగారు. "అరనిమిషం చూశాడే! చక్రం సందులోంచి అలా తొంగి చూసి, 'డిస్కులు పోయాయి సార్, నిజం చెప్పాలంటే బండే పోయింది, తుక్కుకి ఇచ్చేయండి' అన్నాడు. కొలిచాడా? ఒక్క కొలత తీశాడా? ముప్పై ఏళ్లుగా ఊరందరి హద్దులూ కొలుస్తున్నాను. టేపు పరచకుండా ఏనాడైనా నోరు విప్పానా?"

భార్య రెండో చెప్పు కోసం బల్ల కిందికి వంగింది. శుక్రవారం సాయంత్రం నుంచి ఈ ప్రశ్న ఆమెకి ఇరవైసార్లు ఎదురైంది.

అసలు సంగతేమిటంటే, ఆ కారుకి ఇరవై రెండేళ్లు. కొంతకాలంగా బ్రేకు నొక్కితే చాలు, స్టీరింగు జ్వరం వచ్చిన మనిషిలా వణుకుతోంది. పాతబడ్డ కార్లకి ఏడాదికోసారి పరీక్ష ఉంటుంది. ఈ ఏటి పరీక్ష సోమవారం ఉదయం ఎనిమిదింటికి. అందులో ఆ వణుకు కనపడిందా, కారు రోడ్డెక్కడానికి వీల్లేదు. ఇల్లాలు కూడా ఒకటే మాట చెప్పేసింది. ఈసారి పాసవకపోతే కారు తుక్కుకి, షెడ్డు తన తమ్ముడి కొత్త కారుకి. ఆ బావమరిదికి పక్క వీధిలో ఇల్లుంది గానీ కారు పెట్టుకునే చోటు లేదు. పరీక్ష ఇంకా వారం ఉండగానే అతగాడు వచ్చి షెడ్డు కొలుచుకుని పోయాడు. అదీ సర్వేయరుగారి సొంత టేపుతో! అదీ టేపు వదులుగా పట్టుకుని! తలుచుకుంటేనే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కేది.

కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది ఆ కార్లోనే. ఆ పిల్లే పెద్దదై డ్రైవింగు నేర్చుకున్నదీ అందులోనే. ఎడమ తలుపు మీద సొట్ట ఆ పాఠాల గుర్తే. ఖాళీ షెడ్డు కళ్ల ముందు మెదిలితే సర్వేయరుగారికి గుండె కలుక్కుమనేది. అది పైకి చెప్పడం చేతకాక కోప్పడేవారు.

పదకొండేళ్ల కింద అత్తగారితో మాటలు ఆగిపోయిందీ ఆ కారు దగ్గరే. వెనక సీట్లో కూర్చున్న ఆవిడ, బజారు మలుపు దగ్గర, "కాస్త నెమ్మదిగా, బాబూ" అన్నారు. "బండి నడిపేది నేనా, మీరా?" అన్నారు ఈయన. ఆవిడ అక్కడే దిగి బస్సెక్కి ఇంటికొచ్చారు. ఆనాటి నుంచీ ఆ కారెక్కలేదు, ఈయనతో మాట్లాడలేదు. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, "ఏమే, మీ ఆయనకి మంచినీళ్లు కావాలేమో అడుగు" అని ఆవిడంటే, "అక్కర్లేదని మీ అమ్మకి చెప్పు" అని ఈయన అనేవారు. మధ్యలో ఇల్లాలే పోస్టాఫీసు.

ఆ పోస్టాఫీసు ఇవాళ మూసేస్తున్నారు. "సాయంత్రం ఐదింటికి గానీ రాను. అవసరమైతే మీలో మీరు మాట్లాడుకోండి. నోట్లో ముత్యాలేం రాలిపోవు" అని ఇద్దరికీ వినపడేలా చెప్పి ఆమె గేటు వేసుకుని వెళ్లిపోయింది.

సర్వేయరుగారు కళ్లద్దాలు, అంటే దగ్గరి వస్తువులు చూసుకునేవి, ముక్కు మీదకి దించుకుని కొత్త డిస్కుల పెట్టెలో వచ్చిన కాగితం చదివారు. పని సులువే. చక్రం నట్లు వదులు చేయాలి, జాకీ ఎత్తాలి, చక్రం తీయాలి, బ్రేకు పట్టకారు విప్పి పైకి కట్టాలి, డిస్కు లాగాలి. చిన్నపిల్లలు కూడా చేస్తారు అనుకున్నారు.

మొదటి నట్టు దగ్గరే పని ఆగింది. చేత్తో తిప్పితే కదల్లేదు. రెండు చేతులా తిప్పినా కదల్లేదు. "ఏ మూర్ఖుడు బిగించాడు ఇంత గట్టిగా!" అని మండిపడ్డారు. పోయినేడు టైరు మార్చినప్పుడు బిగించింది తనేనని గుర్తొచ్చి ఇంకా మండిపడ్డారు. చివరికి స్పానరు మీదకెక్కి నిలబడి ఒక్క ఊపు ఊపారు. స్పానరు జారింది, ఆయన కిందికొచ్చారు, ఆయనకన్నా ముందు కళ్లద్దాలు కిందికొచ్చాయి. ఆయన కుడికాలు సరిగ్గా వాటి మీదే దిగింది.

కళ్లద్దాలు పోతేనేం, పట్టుదల ఉంది. ఎనిమిదిన్నరకల్లా రెండు ముందు చక్రాలూ ఊడాయి, కారు స్టాండ్ల మీద నిలబడింది. డిస్కుని రెండువైపులా కరుచుకుని ఉండే పట్టకారుని విప్పారు. దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకూడదు, తాడుతో పైకి కట్టాలి అని కాగితంలో ఉంది. ఇంట్లో తాడు లేదు. పెరట్లో మాత్రం, ఈ కొస నుంచి ఆ కొసకి, మంచి నైలాను తాడు ఉంది. దాని మీద అత్తగారు తెల్లవారుజామున లేచి ఉతికి ఆరేసిన తెల్ల దుప్పట్లు నాలుగున్నాయి.

అడుగుదామంటే పోస్టాఫీసు లేదు. దుప్పట్లు ఎంతో జాగ్రత్తగా తీసి కారు బోనెట్ మీద మడతపెట్టి, తాడు కోసుకున్నారు. జాగ్రత్తగా తీసిన చేతులకి గ్రీజు ఉందన్న సంగతి ఆయనకి తట్టలేదు.

అత్తగారు వచ్చి చూశారు. ఆవిడ ముఖం ఎర్రబడింది. అల్లుడివైపు తిరక్కుండా, చేతిలో ఉన్న బకెట్‌తో అన్నారు:

"చూశావుటే! నాలుగింటికి లేచి ఉతికినవి! నల్లటి వేళ్లు పదీ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. పోలీసులు కూడా ఇంత శ్రద్ధగా వేలిముద్రలు తియ్యరు!"

సర్వేయరుగారు చక్రంతో అన్నారు: "ఒక్క తాడు తీస్తే కొంప మునిగినట్టు! కొడుకు కారుకి చోటు కావాలి కదా, అందుకీ రాద్ధాంతం!"

బకెట్టూ చక్రమూ ఏమీ అనలేదు. ఆవిడ దుప్పట్లు పట్టుకుని గట్టు దగ్గరికి పోయి మళ్లీ నానబెట్టారు.

ఇక డిస్కు. దాన్ని పట్టుకుని ఉన్నది చిటికెన వేలి గోరంత మర. ఇరవై రెండేళ్ల తుప్పు దాని మీద కూర్చుంది. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే మర తిరగలేదు, దాని తల మాత్రం అరిగి గుండ్రంగా తయారైంది. రెండోవైపు మరకీ అదే గతి. డ్రిల్లు పెట్టి రెండింటినీ తొలిచారు. అయినా డిస్కులు రాలేదు. అప్పుడు సుత్తి తీశారు.

షెడ్డు గోడకి అటువైపు వంటింటి అర ఉంది. సుత్తి దెబ్బకో గ్లాసు చొప్పున స్టీలు గ్లాసులు కిందపడటం మొదలుపెట్టాయి. ఠంగుమని ఇటు, ఖంగుమని అటు. "కానివ్వండి, కానివ్వండి, ఇంకా ఆరున్నాయి!" అని వంటింట్లోంచి అత్తగారు గ్లాసులకి చెబుతున్నారు. పన్నెండో గ్లాసుతో మొదటి డిస్కు ఊడింది. రెండోది ఊడేసరికి గ్లాసులు అయిపోయి పళ్లేలు మొదలయ్యాయి.

ఆ రెండింటినీ చూస్తే సర్వేయరుగారికి అసహ్యం వేసింది. వెనకవైపు ఎర్రటి తుప్పు పెచ్చులు కట్టి ఉంది. వాటిని తీసుకెళ్లి గేటు పక్కన పడేశారు. పాత ఇనుము కొనేవాడికి ముందే చెప్పి ఉంచారు, మధ్యాహ్నం వచ్చి గేటు దగ్గరివి తీసుకుపొమ్మని. కొత్త డిస్కుల్ని పెట్టెలోంచి తీసి మెట్టు మీద పేపరు పరిచి పెట్టారు. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీ వాళ్లు పూసిన నల్లటి నూనె వాటికి దట్టంగా అంటుకుని ఉంది. బిగించేముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి అని కాగితంలో చదివినట్టు గుర్తు.

కానీ తొలిచేసిన మరల బదులు కొత్తవి కావాలిగా. కారు స్టాండ్ల మీద ఉంది కాబట్టి నడిచే బయల్దేరారు. మొదటి హార్డ్‌వేరు కొట్టు ఆదివారం సెలవు. రెండో కొట్టులో మరలున్నాయి గానీ కొట్టాయన భోజనానికి వెళ్లాడు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, పళ్ల మధ్య పుల్ల పెట్టుకుని వచ్చేదాకా సర్వేయరుగారు ఎండలో నిలబడ్డారు. ఈ దేశంలో పనిచేసేవాడికి విలువ లేదని అక్కడున్న కుక్కకి చెప్పారు.

తిరిగొస్తుంటే వీధి మలుపులో పాత ఇనుము మనిషి తోపుడు బండితో ఎదురయ్యాడు.

"గేటు దగ్గరివి తీసుకున్నావా?"

"తీసుకున్నానండీ. పేపర్లో చక్కగా చుట్టి పెట్టారు."

"తుక్కుకి కూడా మర్యాదలు! ఆ చాదస్తం ఎవరిదో నాకు తెలుసులే" అని సర్వేయరుగారు బండి మీది పొట్లాన్ని చెప్పుకాలితో ఒక్క తన్ను తన్నారు. "ఇరవై రెండేళ్లు మోశాను. ఆ పీడ మళ్లీ నా కంట పడకూడదు, తెలిసిందా?"

"పడనివ్వనండీ" అన్నాడు అతను.

ఇంటికొచ్చేసరికి మెట్టు మీద తుండుగుడ్డ పరిచి ఉంది. దాని మీద రెండు డిస్కులు, ఎండకి వెండి పళ్లేల్లా మెరుస్తున్నాయి. చుక్క నూనె లేదు. పక్కనే పిండేసిన నిమ్మచెక్కలు, అరిగిపోయిన ఇనుప పీచు. గట్టు దగ్గర కాలవలో నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. అత్తగారు మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులు కడుక్కుంటున్నారు.

నూనె కడగమని తను ఎవరికీ చెప్పలేదే, ఆవిడే తెలుసుకుని కడిగిపెట్టారన్న మాట! సర్వేయరుగారి మనసు ఒక్క క్షణం మెత్తబడింది. కృతజ్ఞత చెప్పుకోవాలనిపించింది. అయితే అల్లుడన్నాక పదకొండేళ్ల పట్టింపుకీ ఒక పరువుంటుంది.

"ఎవరో కాస్త పని చేసినట్టున్నారే" అన్నారు చక్రంతో.

"చేసినవాళ్లకి చెప్పుకునే అలవాటు లేదులే" అన్నారావిడ బకెట్‌తో.

అప్పుడు ఒక్క ప్రశ్న వేసుకున్నా సరిపోయేది. ఇటునుంచి వేసినా, అటునుంచి వేసినా సరిపోయేది. ఎవరూ వెయ్యలేదు.

కాగితంలో రాసినట్టే సర్వేయరుగారు చక్రం కూర్చునే ఇరుసు ముఖాన్ని తీగ బ్రష్షుతో గీకి శుభ్రం చేశారు. డిస్కులు ఎక్కించారు. అంచు మీద బొటనవేలికి చిన్న గట్టులాంటిది తగిలింది. కళ్లద్దాలు లేవు కదా, కొత్త మోడల్ కాబోలు అనుకున్నారు. జేబులో టేపు ఉంది, తీయలేదు. మరలు, పట్టకారు, చక్రాలు బిగించి, బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు నొక్కి గట్టిపడ్డాక, గుండె చిక్కబట్టుకుని కారు వీధిలోకి తీశారు. వేగం అందుకుని బ్రేకు నొక్కారు.

వణుకు లేదు. మళ్లీ నొక్కారు. స్టీరింగు బుద్ధిమంతుడిలా ఊరుకుంది. వీధి చివర కారాపి సర్వేయరుగారు ఒంటరిగా, గట్టిగా నవ్వారు. ఆ తర్వాత ఎవరూ చూడకుండా స్టీరింగు మీద రెండుసార్లు చేత్తో నిమిరారు.

సోమవారం ఉదయం పరీక్షాధికారి కారు నడిపి, మూడుసార్లు ఠక్కున బ్రేకు వేసి, దిగి కాగితం మీద సంతకం పెట్టాడు. "బ్రేకులు బాగున్నాయి. ఎవరు చేశారు?"

"ఎవరో చేసేదేంటి? నేనే!" అన్నారు సర్వేయరుగారు ఛాతీ విరిచి.

అంతలో బావమరిది ఫోను. "బావా, షెడ్డు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు?"

"ఈ జన్మకి చెయ్యను. టేపు బిగించి పట్టుకోవడం నేర్చుకుని వచ్చే జన్మలో రా!"

అక్కడితో ఇంటికెళ్తే కథ సుఖంగా ముగిసేది. కానీ కోపానికి ఆకలి తీరలేదు. కారు తిన్నగా మెకానిక్ షెడ్డు ముందు ఆగింది. నలుగురు కూర్చుని టీ తాగుతుండగా సర్వేయరుగారు దిగి గొంతెత్తారు.

"ఏమయ్యా! బండే పోయిందన్నావే? ఇదిగో పాసు కాగితం! స్వహస్తాలతో కొత్త డిస్కులు వేశాను. ఇలా వచ్చి చూడు, కొత్త డిస్కు అంటే ఎలా ఉంటుందో!"

మెకానిక్ వచ్చి, గొంతుక్కూర్చుని, చక్రం సందులోంచి చూశాడు. ఈసారి అరనిమిషం కాదు, చాలాసేపే చూశాడు.

"సార్, ఇవి పాతవే."

"కళ్లున్నాయా నీకు?"

"ఉన్నాయి సార్. అంచు మీద ఈ గాటు చూడండి. నాలుగేళ్ల కింద నా చేతిలో సుత్తి జారి పడింది. ఆవేళ మీరు నన్ను గంటసేపు తిట్టారు."

ఆ తిట్లు సర్వేయరుగారికి బాగా గుర్తున్నాయి. నెత్తురు చుక్క లేకుండా పాలిపోయారు. వీధి మలుపు, తోపుడు బండి, పేపరు పొట్లం, చెప్పుకాలితో తన్నిన తన్ను వరసగా గుర్తొచ్చాయి. అయినా కోపం అంత తేలిగ్గా దిగేది కాదు.

"అయితే, నువ్వు పోయాయన్న డిస్కులతోనే పాసయిందన్న మాట! ఇప్పుడైనా కొలువు!"

మెకానిక్ చక్రం విప్పి కొలిచాడు. తల గోక్కున్నాడు. "మందం ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది సార్. ఇంకా చాలాకాలం పనికొస్తాయి."

"మరి శుక్రవారం ఎందుకు కొలవలేదు?"

"తప్పే సార్" అన్నాడు మెకానిక్. ఆ తర్వాత ఎంతో వినయంగా అడిగాడు, "మరి ఆదివారం మీరెందుకు కొలవలేదు?"

టీ తాగేవాళ్లు గ్లాసులు దించారు. సర్వేయరుగారి చెయ్యి తనకి తెలియకుండానే జేబులోని టేపు మీదకి వెళ్లి, అక్కడే ఉండిపోయింది.

మెకానిక్ డిస్కు ఊడదీసి వెనక్కి తిప్పాడు. "ఇదీ అసలు జబ్బు. వెనక తుప్పు పెచ్చు కట్టి డిస్కు వంకరగా కూర్చునేది, అందుకే వణికేది. ఇప్పుడు చూడండి, అద్దంలా ఉంది. నా జీవితంలో ఇలా తోమినవాళ్లని చూడలేదు. ఎవరు సార్?"

సర్వేయరుగారు కుక్కిన పేనులా కారెక్కారు.

ఇంటి గేటు దగ్గర పాత ఇనుము మనిషి పేపరు పొట్లంతో నిలబడి ఉన్నాడు. ఈయన్ని చూడగానే పొట్లాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"ఏంటయ్యా అది?"

"నిన్నటివేనండీ. విప్పితే ఫ్యాక్టరీ నూనె కూడా వదల్లేదు. కొత్తవి పొరపాటున ఇచ్చారేమోనని తెచ్చాను. మళ్లీ మీ కంట పడనివ్వద్దన్నారుగా, అందుకని చుట్టే తెచ్చానండి."

గట్టు మీద కూర్చున్న అత్తగారు బకెట్‌తో అన్నారు: "నాకేం తెలుసే? చక్రం విప్పేది తోముకోడానికి కాక మరెందుకు? తుప్పు పట్టినవి తోమి మెట్టు మీద పెట్టాను. నూనె కారుతూ మెట్టంతా మరక చేస్తున్నవి చుట్టి గేటు దగ్గర పెట్టాను. శుభ్రమైనవి లోపల, మురికివి బయట. నా ఇంట్లో ఎప్పుడూ ఇంతే!" తర్వాత గొంతు తగ్గించారు. "కొడుకు కారు కోసం అల్లుడి కారు పోవాలని కోరుకునే మనిషినా నేను?"

సర్వేయరుగారు గబుక్కున ఇంట్లోకి చూశారు. భార్య డ్యూటీలో ఉంది. పోస్టాఫీసు లేదు. చక్రంతో చెబుదామంటే, ఆ చక్రం ముందు తల ఎత్తుకునే ముఖం లేదు. తను అన్న మాట ఆవిడ చెవిన పడిందని, నొప్పించిందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయారు. ఇరవై రెండేళ్ల కారుని నిలబెట్టింది తన చేతులు కావు.

"అత్తయ్యగారూ" అన్నారు.

ఆవిడ చేతిలో ఇనుప పీచు జారి నీళ్లలో పడింది.

"నిన్న అన్న మాట తప్పండీ." సర్వేయరుగారు గట్టు దగ్గరికి వచ్చారు. "అసలు… అంత తుప్పు ఎలా వదిలించారండీ?"

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. పదకొండేళ్ల తర్వాత చెప్పే మాట కదా.

"నెమ్మదిగా" అన్నారు.

ఆ మధ్యాహ్నం సర్వేయరుగారు కొత్త కళ్లద్దాలకి బయల్దేరుతూ, మీరూ కళ్లు చూపించుకోవాలి కదండీ రండి అని పిలిచారు. ఆవిడ ముందు తుండుగుడ్డతో సీటు తుడిచారు, తర్వాత తలుపు పిడి తుడిచారు, ఆ తర్వాత వెనక సీట్లో తన పాత చోటులోనే కూర్చున్నారు. కారు సాఫీగా సాగింది. బజారు మలుపు వచ్చింది.

"కాస్త నెమ్మదిగా, బాబూ" అన్నారావిడ.

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. సర్వేయరుగారు నోరు మూసుకుని బ్రేకు నొక్కారు. నోటిదీ, కారుదీ, రెండు బ్రేకులూ ఏ కుదుపూ లేకుండా పనిచేశాయి.